కొట్టేసిన ఆ పేజీ గురించి

అమ్మాయీ,

నీ కథ రెండు కాపీలూ అందాయి. మేడమ్ అని రాశావు, అక్కా అను చాలు.

మొదటిది పోయిన నెల పంపావు, రెండోది "సరిచేశాను, ఇదే చదవండి" అని మొన్న పంపావు. నేను మాత్రం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను, అప్పట్నుంచీ మనసు మొదటి కాపీ దగ్గరే ఉండిపోయింది. అందులో మీ అమ్మ ఉంది. 27 ఏళ్ళకే గర్భసంచి తీయించుకున్న మనిషి, ఆస్పత్రి వరండాలో చాప మీద పడుకున్న ఎనిమిదేళ్ళ నువ్వు, కుట్లు విప్పకముందే ఆవిడ గేదెకి గడ్డి కోయడానికి కొడవలి తీస్తే నువ్వు లాక్కోవడం, అరుగు మీద కూర్చున్న మీ నాయనమ్మ అదంతా చూస్తూ కూడా ఏమీ అనకపోవడం. రెండో కాపీలో ఆ పేజీ మొత్తం పోయి దాని చోట ఒక్క వాక్యం వచ్చింది: "ఆమె ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉండేది." "నేను" అన్న చోటల్లా సుజాత చేరింది. ఊరి పేరు కూడా పోయింది.

ఎందుకు తీసేశావో నువ్వే రాశావు. బాబాయి వాళ్ళు చదివితే ఏమంటారో అని, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని, ఆడవాళ్ళ రోగాల గురించి నలుగురిలో రాసుకోవడమేంటని అమ్మే కోప్పడుతుందేమో అని. ఈ టెన్షన్ ఉత్తిదే, పట్టించుకోకు అని నేను అనను. ఆ భయం నాకూ తెలుసు.

పెళ్ళైన కొత్తలో నేను పాల లెక్కల పుస్తకంలో రాసేదాన్ని. ముందు నుంచి పాలవాడి లెక్క, పొద్దున అర లీటరు, సాయంత్రం అర లీటరు. అదే పుస్తకం తిరగేస్తే వెనక నుంచి నా కథ. దాన్ని మా ఇంట్లో ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు కాబట్టి అంతకంటే భద్రమైన చోటు నాకు లేదు. అలా రాసినవాటిలో ఒకటి, మా తోటికోడలి కష్టం గురించి, ఒక వారపత్రికలో అచ్చయింది. ఆ ఆదివారం భోజనాల దగ్గర మా బావగారు దాన్ని పైకి చదివారు, మొదటి నుంచి చివరిదాకా. ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను వడ్డిస్తూనే ఉన్నాను, పులుసు గిన్నె పట్టుకున్న చెయ్యి వణికింది, ఆయన విస్తరి పక్కన రెండు చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత ఆరేళ్ళు నేను కలం పట్టలేదు. రాయొద్దని ఎవరూ అనలేదు కూడా, నా అంతట నేనే మానేశాను. ఆరేళ్ళ తర్వాత ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ తోటికోడలే అడిగింది, "నా సంగతి రాయడం ఎందుకు ఆపేశావు, అప్పుడు ఆ ఒక్క వారమే నాకు బతికున్నట్టు అనిపించింది" అని. నేను భయపడింది ఎవరి గురించో, నా కథ కోసం ఎదురుచూసింది ఎవరో నాకు ఆ రోజు తెలిసింది.

ముద్దుపళని సంగతి నీకు తెలిసే ఉంటుంది. 18వ శతాబ్దంలో, ప్రతాపసింహుడి కాలపు తంజావూరులో, 'రాధికా సాంత్వనం' రాసిన కవయిత్రి. శృంగారం రాసిందని ఆమెను తిట్టినవాళ్ళ గురించి అందరూ చెబుతారు, నన్ను పట్టి కుదిపింది మాత్రం ఇంకో సంగతి. ఆ కావ్యం మొదట అచ్చయినప్పుడు కొన్ని పద్యాలతో పాటు పీఠికను కూడా ఎత్తేశారు, ఆ పీఠికలోనే ఆమె తన గురించి, తన వంశం గురించి గర్వంగా చెప్పుకుంది. ఆమె ఎవరి బిడ్డో చెప్పే చోటే పోయిందన్నమాట! ఎన్నో ఏళ్ళకు సంగీత విద్వాంసురాలు బెంగళూరు నాగరత్నమ్మ పాత ప్రతి వెతికి పట్టుకుని, పోయినవన్నీ తిరిగి చేర్చి 1910లో అచ్చు వేయించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది, ఆ నిషేధం తొలగడానికి 30 ఏళ్ళకు పైగా పట్టింది. మన రాతల్లో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో చెప్పడానికి జనం ఎప్పుడూ ఉన్నారు, రేపూ ఉంటారు. వాళ్ళు చేయాలనుకునే పని వాళ్ళకంటే ముందే నువ్వు చేసి పెట్టావు, అదీ మీ అమ్మ పేజీ మీద. అందుకే నాకు బాధ.

తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ అనుభవాలు చెప్పుకుంటే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వచ్చింది. దళంలో పసిబిడ్డను వెంట ఉంచుకోలేక వదులుకోవాల్సి వచ్చిన తల్లి మాటలున్నాయి అందులో. పోరాటం ముగిసి అప్పటికి 30 ఏళ్ళు దాటింది, అన్నేళ్ళూ ఆ మాట ఆమె గుండెలోనే ఉంది. ఎవరో పక్కన కూర్చుని అడిగారు కాబట్టి బయటికొచ్చింది. మీ అమ్మను అలా ఎవరైనా అడిగారా? డాక్టరు ఏం చెప్పి ఒప్పించాడు, అక్కర ఉందో లేదో ఎవరైనా ఆలోచించారా, డబ్బు ఎక్కడ తెచ్చారు, ఆ తర్వాత ఒంట్లో ఎలా ఉండేది? మన పల్లెల్లో చిన్న వయసులోనే ఈ ఆపరేషన్ అయిపోయిన ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, కూలికి పోయే దారిలో వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు, కాగితం మీదికి వచ్చేసరికి అది "అంతంత మాత్రం ఆరోగ్యం" అయిపోతుంది.

అలాగని రేపే పత్రికకు పంపెయ్ అనడం లేదు. ముందు అమ్మకు చదివి వినిపించు. ఒంట్లో కోత పడింది ఆవిడకు, కాబట్టి వద్దు అనే హక్కు ఆవిడకు ఉంది, వద్దంటే దాచిపెట్టు, కానీ చింపకు. నాకు తెలిసినంతలో అమ్మలు వద్దనడం తక్కువ, "అప్పుడు వాన పడుతోంది, అది రాయలేదేం" అని తప్పులు దిద్దడం ఎక్కువ. బాబాయి వాళ్ళ భయం ఉంటే కలం పేరు పెట్టుకో, అందులో పిరికితనం ఏమీ లేదు, ఒకప్పుడు వారపత్రికల్లో ఆడవాళ్ళ నవలలకు ఎంత గిరాకీ ఉండేదంటే మగవాళ్ళే ఆడపేర్లతో రాశారు. పేరు మార్చినా, ఊరు మార్చినా ఫర్వాలేదు. ఆ చాపా, కొడవలీ, నాయనమ్మ మౌనం మాత్రం మార్చకు. సంబంధాల మాటకొస్తే, ఈ కథ చదివి వెనక్కి పోయే సంబంధం గురించి నువ్వు దిగులు పడాల్సిన పని లేదు, ఆ మాట మీ అమ్మతో నేనే మాట్లాడతాను కావాలంటే.

భాష గురించి ఒక్క మాట. రెండో కాపీలో "వేదన", "నిశ్శబ్ద రోదన", "గాయపడిన హృదయం" చాలా చేరాయి. మొదటి కాపీలో మీ అమ్మ "కడుపులో గిన్నె తీసేసినట్టుంది" అంటుంది. ఆ మాట నాకు ఈ జన్మలో తట్టదు. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయి, పత్రిక భాష కాదేమో అన్న అనుమానం వదిలెయ్.

రాయడానికి చోటు లేదన్నావు, హాస్టల్ గదిలో నలుగురున్నారన్నావు. ఫోన్లో రాసుకో, బస్సులో రాసుకో, రోజూ కుదరకపోయినా బాధపడకు. రాసింది ముందు ఒక్కరికే చూపించు, నిన్ను చూసి జాలిపడే మనిషికి కాకుండా తర్వాత ఏమైంది అని అడిగే మనిషికి.

వచ్చే వారం ఊరెళ్తున్నానన్నావు కదా. మొదటి కాపీ తీసుకెళ్ళు, రాత్రి పనులన్నీ అయ్యాక అమ్మ పక్కన కూర్చుని చదువు. ఆవిడ ఏమందో నాకు రాయి, కొట్టేయకుండా రాయి. ఆ గేదెకి పేరుండేదేమో కూడా అడుగు, కథలో ఎక్కడా చెప్పలేదు నువ్వు.

ప్రేమతో
అక్క