అనధికార సమ్మె, పోయిన పనిదినాలు

సందేహం: చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో 120 మంది, తమ సంఘం పిలుపు ఇవ్వకుండానే మూడు రోజులు పని ఆపేశారు. ‘అనధికార సమ్మె వల్ల 360 పనిదినాలు నష్టపోయాయి’ అని రాశాను. అది చదివిన మిత్రుడు ‘ఏడాది పొడుగునా ఆపేశారా?’ అని అడిగాడు. నా వాక్యంలో తప్పుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: లెక్క తప్పు కాదు. ఇబ్బంది మాటల్లో ఉంది.

ముందు ‘అనధికార’ సంగతి. అనధికార లేఅవుటు, అనధికార కరెంటు కోత అని రోజూ వింటున్నాం. అందుకే ఆ మాట చెవిన పడగానే సర్కారు అనుమతి లేదనో, చట్టానికి విరుద్ధమనో అనుకుంటాం. మీరు చెప్పదలచింది అది కాదు. ఇక్కడ లేనిది సంఘం పిలుపు. సంఘం చెప్పకుండా దిగిన సమ్మె చట్టబద్ధమా కాదా అన్నది వేరే విచారణ. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి 14 రోజుల ముందస్తు నోటీసు అడుగుతుంది. సగం మంది కూడబలుక్కొని ఒకే రోజు సెలవు పెట్టినా సమ్మె కిందే కడుతుంది. నోటీసు ఇవ్వకపోతే సంఘం పిలిచిన సమ్మె కూడా చిక్కుల్లో పడుతుంది. మీరు తేలిగ్గా వేసిన ఒక విశేషణం ఆ 120 మంది మీద నేరం మోపినట్టవుతోంది. నాకు బాధ కలిగించేది అదే.

‘మెరుపు సమ్మె’ అందామా? అది చెప్పాపెట్టకుండా దిగడాన్ని సూచిస్తుందే తప్ప, పిలుపు ఎవరిదో చెప్పదు. 1982 జనవరిలో మొదలైన బొంబాయి బట్టల మిల్లుల సమ్మె చూడండి. దాదాపు రెండున్నర లక్షల మంది గుర్తింపు సంఘాన్ని కాదని కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట నడిచారు. దాన్ని మెరుపు సమ్మె అంటే అతకదు.

మన నెల్లూరు వైపు ‘ఈ పొద్దు ఎవురూ పన్లోకి దిగలా’ అంటారు. జరిగింది జరిగినట్టు చెప్పే మాట అది.

ఇక పనిదినం. పని తెలుగు, దినం సంస్కృతం, మిశ్ర సమాసం. వాడుకలో కుదురుకుంది, అభ్యంతరం లేదు. చిక్కల్లా రెండర్థాలతోనే. బ్యాంకు పనిదినమంటే క్యాలెండరులోని రోజు. ఉపాధి హామీ లెక్కల్లో ‘లక్ష పనిదినాలు’ అంటే ఒక్కో మనిషి ఒక్కో రోజు చేసిన పని కలిపిన మొత్తం. ‘ఎకరా కలుపుకి పది మంది కూలి పట్టింది’ అనే రైతు లెక్కా అదే. మీ 360 ఈ రెండో రకం, మిత్రుడికి తట్టింది మొదటిది.

పరిశ్రమల్ని పోల్చేటప్పుడు ఇది మరీ ముఖ్యం. మార్కాపురం పలకల కార్ఖానాలో 20 మంది 30 రోజులు ఆపినా, కృష్ణపట్నం రేవులో 600 మంది ఒక్కరోజు ఆపినా మొత్తం 600 పనిదినాలే. అక్కడ నెల కూలి లేని ఇళ్లు, ఇక్కడ ఒక్కరోజు కూలి పోయిన ఇళ్లు. మొత్తం ఒక్కటే వేస్తే ఆ తేడా కనిపించదు.

‘పనిదినాలు నష్టపోయాయి’ అనకూడదు. నష్టపోయేది మనుషులు, లేదా సంస్థ; దినాలు పోతాయి, అంతే. మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘సంఘం పిలుపు లేకుండానే 120 మంది మూడు రోజులు పని ఆపేశారు, మొత్తం 360 పనిదినాలు పోయాయి.’ వాళ్లెందుకు ఆపారో కూడా దాని పక్కనే రాయండి.