ఒక సెమిస్టర్ ఆపుదామనుకుంటే ఏడాది ఆగుతుంది

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా దుగ్గిరాల ప్రాంతంలో పసుపు పండించే కుటుంబం. జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీలో మెకానికల్ మూడో ఏడాది మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. 2023లో చేరినవారికి వర్తించే ఆర్23 నిబంధనల బ్యాచ్ మాది. బ్యాక్‌లాగ్‌లు లేవు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తోంది. జనవరి నుంచి జూన్ దాకా చదువు ఆపి ఆరు వారాలు లద్దాఖ్, వారణాసి, మేఘాలయ చూడాలని, రెండు నెలలు విజయవాడ ఆటోనగర్‌లో ఏదైనా వర్క్‌షాపులో పని నేర్చుకోవాలని, మిగిలిన రోజుల్లో పసుపు ఉడికించే చిన్న యంత్రం ఒకటి తయారు చేయాలని అనుకుంటున్నాను. అమెరికాలో చదివే మా పెద్దమ్మ కొడుకు ఇలాగే ఒక సెమిస్టర్ ఆపి మళ్లీ చేరాడు. మా నాన్నగారు మాత్రం ‘ఊళ్లు తిరగడానికి చదువు మానుకుంటావా’ అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన విషయం, ఈ ఆరు నెలలు ఎలా గడపాలో మీ అంతట మీరే కూర్చొని ఆలోచించుకోవడం. మూడో ఏడాదిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఏ కోర్సు చేస్తే ప్యాకేజీ పెరుగుతుందని నన్ను అడుగుతారు. మీరు మీ ఇంట్లో ఏటా చూస్తున్న శ్రమను తగ్గించే యంత్రం గురించి అడిగారు. అందుకే ఒక్క మాటలో వద్దని చెప్పి ఊరుకోలేను. అయితే మీరు ఒక సెమిస్టర్ అనుకుంటున్నది నిజానికి ఒక ఏడాది. నిర్ణయం తీసుకునే ముందు ఈ లెక్క మీకు, మీ నాన్నగారికి కూడా స్పష్టంగా తెలియాలి.

మన అనుబంధ కాలేజీల్లో 3-2, అంటే మూడో ఏడాది రెండో సెమిస్టర్, తరగతులు ఏడాదికి ఒక్కసారే జరుగుతాయి. మీరు జూన్ చివర తిరిగి వచ్చేసరికి మీ బ్యాచ్ 4-1లోకి వెళ్లిపోతుంది, 3-2 చదవకుండా మిమ్మల్ని అందులో కూర్చోనివ్వరు. అంటే ఆ సెమిస్టర్ మళ్లీ మొదలయ్యేదాకా, దాదాపు ఇంకో ఆరు నెలలు, మీరు ఆగి, ఆ తరువాత జూనియర్లతో కలిసి చదవాలి. మీ అన్నయ్య పరిస్థితి వేరు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సులు చదవాలో తానే ఎంచుకొని నమోదు చేసుకుంటాడు, చాలా కోర్సులు రెండు సెమిస్టర్లలోనూ దొరుకుతాయి, కాబట్టి ఒకటి వదిలినా తరువాతి దానిలో అందుకోగలడు. అక్కడైనా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారికి అది అంత తేలిక కాదు. ముందుగా కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి అనుమతి తీసుకోవాలి, అనుమతి వచ్చాక 15 రోజుల్లో దేశం విడిచి రావాలి, అయిదు నెలలు దాటితే సాధారణంగా వీసాకు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కొత్తది కావాలి, పని అనుమతికి ముందు ఏడాది చదివి ఉండాలన్న లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆయన అనుభవాన్ని యథాతథంగా మీకు అన్వయించుకోవద్దు.

ఇంకొక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. కొందరు ఎవరికీ చెప్పకుండా తరగతులకు వెళ్లడం మానేసి, దానికి గ్యాప్ అని పేరు పెట్టుకుంటారు. హాజరు 75 శాతం ఉండాలి, సరైన కారణం చూపితే 65 దాకా మినహాయింపు దొరకవచ్చు, అంతకన్నా తగ్గితే డిటెయిన్ చేస్తారు, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. అప్పుడు మీరు ఎంత మంచి పని చేసి వచ్చినా కాలేజీ రికార్డులో మిగిలేది డిటెన్షన్ అనే మాట ఒక్కటే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా 75 శాతం హాజరుతో ముడిపడి ఉంటుంది కనుక, చదువు ఆపి తిరిగి చేరితే పునరుద్ధరణ ఎలా జరుగుతుందో కాలేజీ స్కాలర్‌షిప్ విభాగంలో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. నోటిమాట మీద ఆధారపడి ఏడాది ఫీజును పణంగా పెట్టకూడదు.

ఉద్యోగాల విషయం క్లుప్తంగా చెబుతాను. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు పాసయ్యే సంవత్సరాన్ని బట్టి పిలుస్తాయి, కాబట్టి మీరు తరువాతి బ్యాచ్‌తో కలిసి కూర్చోవలసి వస్తుంది. పెద్ద సంఖ్యలో తీసుకునే ఐటీ కంపెనీల దరఖాస్తుల్లో చదువు మధ్యలో విరామం ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. ఉంటే కారణం రాయాలి, కొన్నిచోట్ల నోటరీ చేసిన అఫిడవిట్ ఇవ్వాలి, కొన్ని కంపెనీలు డిగ్రీ మధ్య విరామాన్ని అసలు అంగీకరించవు. యంత్రాల డిజైన్, తయారీ రంగాల్లో మాత్రం ఆ విరామంలో ఏం చేశారో చూపగలిగితే వినేవాళ్లు ఉన్నారు. మీ మనసు ఎటు ఉందో దాన్నిబట్టి ఈ నష్టం పెద్దదో చిన్నదో తేలుతుంది.

మీ నిబంధనల పుస్తకంలోనే దీనికి ఒక దారి ఉంది. ఆర్23లో గ్యాప్ ఇయర్ అనే అంశం కింద, రెండో ఏడాది పూర్తయ్యాక స్టార్టప్ కోసం ప్రతిభ గల విద్యార్థి ఒక ఏడాది విరామం కోరవచ్చు, దాన్ని రెండేళ్ల వరకు పొడిగించవచ్చు, డిగ్రీ పూర్తి చేయడానికి ఉన్న గరిష్ఠ గడువులో ఆ కాలాన్ని లెక్కించరు. విద్యార్థి రాసిన ప్రతిపాదనను ప్రిన్సిపాల్ విశ్వవిద్యాలయానికి పంపితే అక్కడి కమిటీ పరిశీలించి నిర్ణయిస్తుంది. కేంద్ర విద్యాశాఖ 2019లో తెచ్చిన ఆవిష్కరణ, స్టార్టప్ విధానం కూడా విద్యార్థులకు ఇలాంటి విరామం ఇవ్వాలనే కాలేజీలకు చెబుతోంది. కానీ లద్దాఖ్, వారణాసి చూసి వస్తానని రాసిన కాగితానికి ఏ కమిటీ అనుమతి ఇవ్వదు. యంత్రం గురించి రాద్దామన్నా, మీ దగ్గర ప్రస్తుతం కొలతలు, డ్రాయింగ్, ఖర్చు అంచనా ఉన్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. కనుక ఈ జనవరిలో చదువు ఆపవద్దన్నది నా స్పష్టమైన అభిప్రాయం.

మీరు కోరుకున్న మూడు పనులకూ మీ కోర్సులోనే చోటు ఉంది, దాన్ని మీరు గమనించలేదనిపిస్తోంది. మూడో ఏడాది ముగిశాక వేసవిలో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్, 4-2లో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు మీకు తప్పనిసరి. మన విద్యార్థుల్లో చాలామంది ఈ వ్యవధిని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో సరిపెట్టేస్తారు. చేతిలో ఉన్న ఇంత విలువైన కాలం అలా వృథా కావడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మీరు ఆ పని చేయవద్దు. ఆటోనగర్ పనిని వేసవి ఇంటర్న్‌షిప్‌గా మార్చుకోండి. లేత్, వెల్డింగ్, షీట్ మెటల్ పనులన్నీ ఒకేచోట జరిగే వర్క్‌షాపును ఎంచుకొని, యజమానితో ముందే మాట్లాడి, మీకు పని అప్పగించే మేస్త్రీ ఎవరో, చివర ధ్రువపత్రం మీద సంతకం చేసేది ఎవరో తేల్చుకొని, ఆ వివరాలతో మీ విభాగాధిపతి (హెచ్‌ఓడీ) ఆమోదం తీసుకోండి. మొదటి రెండు వారాలు గ్రైండింగ్, డ్రిల్లింగ్ తప్ప ఏమీ ఇవ్వకపోయినా చిన్నబుచ్చుకోవద్దు. మేస్త్రీలు కొత్తవాడి పనితనం చూడకుండా ఖరీదైన సామాను అప్పగించరు.

యంత్రం సంగతి 4-2 కోసం దాచుకోవడానికి ఒక బలమైన కారణం ఉంది. మీ ప్రాంతంలో పసుపు తవ్వకం జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది, ఆ నెలలు సరిగ్గా 4-2లోనే పడతాయి. ఈ జనవరిలో యంత్రం లేకుండా చదువు ఆపితే పంట సమయం డ్రాయింగులు గీయడంలోనే గడిచిపోతుంది, యంత్రం తయారయ్యేనాటికి ఉడికించడానికి కొమ్ము మిగలదు. అదే ఈ పంటకాలంలో సెలవు రోజుల్లో కొలతలు తీసుకొని, వేసవిలో తయారీ నేర్చుకొని, 4-1లో డ్రాయింగు పూర్తి చేస్తే, 4-2 మొదలయ్యేసరికి తాజా పంట మీద పరీక్షించడానికి యంత్రం సిద్ధంగా ఉంటుంది.

కొలతలు అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, మీ ప్రాజెక్టు బలమంతా ఇక్కడే ఉంది. కొమ్ములు, దుంపలు ఉడకడానికి పట్టే సమయం వేరు కాబట్టి వాటిని విడివిడిగా ఉడికిస్తారు. నురగ వచ్చి, తెల్లటి ఆవిరితో పాటు పసుపు ప్రత్యేకమైన వాసన తేలినప్పుడు దించాలని రైతులకు అనుభవంతో తెలుసు. బాణలిలో నీళ్లు పోసి ఉడికించే పద్ధతిలో ఇందుకు సుమారు 45 నుంచి 60 నిమిషాలు పడుతుంది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే ఎండాక కొమ్ము పెళుసుగా విరిగిపోతుంది. మీ నాన్నగారు కొమ్మును వేలితో నొక్కి చూసి ‘చాలు’ అనే క్షణంలో లోపలి ఉష్ణోగ్రత ఎంత, అప్పటికి ఎంత కట్టె కాలింది, బాణలిలో ఎన్ని కిలోలు ఉన్నాయి, ఎంతమంది కూలీలు పనిచేశారు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆవిరితో ఉడికించే బాయిలర్లు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి కాబట్టి, అద్దెకు తెచ్చే ఆ బాయిలర్ గంటకు ఎంత ఖర్చు అవుతుంది, చిన్న రైతుకు అది ఎందుకు అందడం లేదు అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే మీ యంత్రం ఎంత పెద్దదిగా ఉండాలో తెలుస్తుంది. ఎండబెట్టడానికి పట్టే 10 నుంచి 15 రోజులు, డ్రమ్ములో పాలిష్ పట్టే పని ప్రస్తుతానికి వదిలేయండి. ఒక్క ఉడికింపు మీదే నిలబడండి.

ప్రయాణం మీద మీకున్న ఆసక్తిని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇరవై ఏళ్ల వయసులో స్లీపర్ బోగీలో దూరప్రాంతాలకు వెళ్లి, భాష రాని చోట నాలుగు రోజులు గడిపి రావడం మంచి చదువే. కాకపోతే మీరు ఎంచుకున్న ఊళ్లకూ మీ పనికీ సంబంధం లేదు, పైగా జనవరిలో లద్దాఖ్‌కు రోడ్డు దారులు చాలావరకు మంచుతో మూసుకుపోయి ఉంటాయి. అదే ప్రయాణాన్ని పసుపు వెంట సాగనివ్వండి. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌లో ఏర్పాటైంది. మహారాష్ట్రలోని సాంగ్లీ, తమిళనాడులోని ఈరోడ్ దేశంలో పేరున్న పసుపు మార్కెట్లు. సాంగ్లీ దగ్గర హరిపూర్‌లో పసుపును భూమిలో తవ్విన పాతర్లలో నిల్వ చేసే పాత పద్ధతికి పేరుంది. కోజికోడ్‌లో భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఉంది. మీరు చూడాలనుకున్న మేఘాలయలో, జైంతియా కొండల్లో పండే లకడాంగ్ పసుపు, రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం వల్ల పేరు తెచ్చుకుంది. సాంగ్లీ, ఈరోడ్ ప్రయాణాన్ని 4-2 ప్రాజెక్టులో క్షేత్ర పరిశీలనగా ముందే రాసుకొని అనుమతి పొందండి. మేఘాలయను ఆఖరి పరీక్షలు అయ్యాక పెట్టుకోండి. ఆఫర్ వచ్చినవారికి కూడా చేరే తేదీకి ముందు తరచు కొన్ని నెలలు ఖాళీ ఉంటుంది, ఆ కాలంలో తిరిగితే ఏ రికార్డులోనూ విరామం కనిపించదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు టీ-వర్క్స్‌లో నమూనాలు ఎలా తయారవుతాయో ఒకసారి చూసి రండి. గ్రామీణ ఆవిష్కర్తలను వెతుకుతూ ఊరూరా నడిచే పల్లెసృజన వారి చిన్న శోధయాత్రలో పాల్గొనగలిగితే, మీలాంటి ఆలోచనతో ఏళ్లుగా పనిచేస్తున్నవారిని కలుస్తారు.

మీ నాన్నగారితో ఈ విషయం మాట్లాడేటప్పుడు గ్యాప్ అన్న మాటతో మొదలుపెట్టవద్దు. ఫీజు రాయితీతో చదివిస్తున్న తండ్రికి, ఏడాది ఆగిపోయిన కొడుకు గురించి ఊళ్లో నలుగురూ ఏమంటారన్న దిగులు ఉండటం సహజం, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఈ సంక్రాంతి సెలవుల్లో ఉడికింపు జరిగే చోట ఆయన పక్కన నిలబడి కొలతలు తీసుకోండి, ఏం రాస్తున్నారో ఆయనకు చదివి వినిపించండి, ఎక్కడ తప్పుందో ఆయన్నే చెప్పమనండి. ఉడికింపు గురించి మీ కాలేజీలో ఎవరికన్నా ఆయనకే ఎక్కువ తెలిసి ఉంటుంది.

3-2 పూర్తయ్యేనాటికి ఉడికింపు కొలతలు, చేతితో గీసినదైనా సరే ఒక డ్రాయింగు, ఖర్చు అంచనా సిద్ధం చేసుకొని మీ హెచ్‌ఓడీని కలవండి. ఆ వేసవిలో ఒక చిన్న నమూనా తయారై, మీ చుట్టుపక్కల ఇద్దరు రైతులైనా డబ్బు ఇచ్చి అద్దెకు తీసుకుంటామని ముందుకొస్తే, అప్పుడు నాలుగో ఏడాదికి ముందు గ్యాప్ ఇయర్ కోరడానికి మీ దగ్గర సరైన ఆధారం ఉంటుంది, ఏడాది ఆగడం వల్ల వచ్చే నష్టాన్ని భరించడానికి ఒక కారణమూ ఉంటుంది. అలా జరిగితే ప్రతిపాదన ముసాయిదాను ప్రిన్సిపాల్‌కు ఇచ్చే ముందు నాకు పంపండి, చదివి నా అభిప్రాయం రాస్తాను.