పాత కార్టూన్లకి మా గుంటడు నవ్వట్లేదు, ఏటి చెయ్యాలి మాస్టారూ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజీల్లో సగానికి పైగా పాత కార్టూన్ల గురించే ఉన్నాయి. సెలవుల్లో పిల్లలకి చూపించినవాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు. చాలా సంతోషంగా ఉంది, నాకు ప్రాణం ఈ సబ్జెక్ట్ అంటే. పేర్లు వెయ్యట్లేదు, ఊర్లు మాత్రం ఇస్తున్నాను.

రాయగడ నుంచి ఒక తండ్రి: మాస్టారూ నమస్కారం. మావాడికి పదేళ్ళు. మిక్కీ మౌస్ పాత సినిమా స్టీమ్‌బోట్ విల్లీ ఫోన్లో పెట్టి ఇచ్చాను, ఒక నిమిషం చూసి "ఇందులో ఏమీ అవ్వట్లేదు నాన్నా" అని తోసేశాడు. అప్పట్లో జనం పడీ పడీ నవ్వారంటారు కదా, ఈ కాలం గుంటలకి ఓపిక చచ్చిపోయిందా ఏటండీ?

బాబూ, మీవాడి ఓపికకి ఏమీ కాలేదు. ఆ సినిమా ఒక్కడే మంచం మీద పడుకుని అరచెయ్యంత తెర మీద చూడ్డానికి తీసింది కాదు, అదీ సంగతి. 1928 నవంబర్ 18న న్యూయార్క్‌లో కాలనీ అనే థియేటర్లో పెద్ద సినిమాకి ముందు వేశారు, హాలు నిండా జనం. బొమ్మలు కదలడం అప్పటికే వాళ్ళకి పాతబడిపోయింది, కానీ బొమ్మ ఏ పని చేస్తే దాని చప్పుడు ఆ క్షణంలోనే, తాళం తప్పకుండా వినపడ్డం వాళ్ళకి కొత్త. అందులో మిన్నీ చేతిలోంచి పడిపోయిన పాట కాగితాల్ని మేక నమిలేస్తుంది చూడండి, మిక్కీ దాని నోరు తెరిచి పట్టుకుంటాడు, మిన్నీ దాని తోక పట్టుకుని తిప్పుతుంటే మేక నోట్లోంచి పాట వస్తుంటుంది, ఇక అక్కణ్ణుంచి ఆ పడవ మీద మిక్కీ చేతికి దొరికిన ప్రతీదీ వాయిద్యమే, ఆఖరికి ఆవు పళ్ళతో సహా. ఆ తాళమే నవ్వు. ఫోన్ స్పీకర్లో ఆ తాళం సగం వినపడదు, ఇక వాడు దేనికి నవ్వుతాడు చెప్పండి?

డిస్నీ వాళ్ళు కూడా సినిమా పూర్తవ్వకముందే ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి, తెర వెనక ఒకరు మౌతార్గాన్ ఊదుతూ ఒకరు గిన్నెలు మోగిస్తూ, ఇది మనుషుల ముందు పనిచేస్తుందా లేదా అని చూసుకున్నారు. అంటే పుట్టకముందు నుంచీ అది నలుగురిలో చూసే వస్తువే. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు తన్నులు తినడం ఒక్కళ్ళే కూర్చుని చూస్తే పాపం తన్నులు తింటున్నాడనిపిస్తుంది, ఊరంతా కూర్చున్న చోట అదే తన్ను ఈలలు వేయిస్తుంది, ఇదీ అంతే. చవితి పందిట్లో ప్రొజెక్టర్ పెట్టినప్పుడో, వీధిలో నలుగురు పిల్లల్ని పోగేసి గోడకి తెల్ల దుప్పటి కట్టో, ఒక గట్టి స్పీకర్ పెట్టి ఆ ఎనిమిది నిమిషాలు ఇంకోసారి వెయ్యండి, మీవాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టండి. ఒక మాట ముందే చెప్తున్నా, మిక్కీ పిల్లిని తోక పట్టుకుని గిరగిరా తిప్పేచోట ఈ కాలం పిల్లలు నవ్వరు, "అయ్యో పాపం" అంటారు. అననివ్వండి, అది మంచి గుణం, నవ్వు రా అని బలవంతం చెయ్యకండి.

గుణుపురం నుంచి ఒక టీచరమ్మ: మా క్లాసులో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు కలిసి కూర్చుంటారు, ఏ సినిమా వేసినా ఎవరో ఒకరికి అర్థం కాదు. అందుకని మాటల్లేని గెర్టీ ద డైనోసార్ వేశాను. మొదట్లో చాలాసేపు కోట్లేసుకున్న మనుషులే ఉన్నారు, పిల్లలు గోల. డైనోసార్ వచ్చాక కూడా మధ్యమధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. పైగా వెనక కొండలూ రాళ్ళూ వణుకుతూనే ఉన్నాయి, ప్రొజెక్టర్ పాడైందా టీచర్ అని ఒక పాప అడిగింది. ఇంకోసారి వెయ్యొచ్చా, దండగా?

అమ్మా, తప్పకుండా వెయ్యండి, మీ క్లాసుకి ఇంతకన్నా మంచి సినిమా ఇంకోటి దొరకదు. ఆ పాప కళ్ళకి దండం పెట్టాలి, పెద్దవాళ్ళు కూడా పట్టించుకోని విషయం పట్టేసింది. ప్రొజెక్టర్ పాడవ్వలేదని చెప్పండి. 1914లో విన్సర్ మెకే అనే అమెరికా కార్టూనిస్టు ఆ సినిమాని పల్చటి రైస్ పేపర్ మీద గీశాడు, వేలల్లో బొమ్మలు. తర్వాతి రోజుల్లో లాగ వెనక కొండ ఒకసారి గీసి దాని మీద పారదర్శకమైన షీట్ పెట్టి డైనోసార్ని మాత్రం మార్చడం కాదు, ఆ పద్ధతికి ఎర్ల్ హర్డ్ అనే ఇంకో కార్టూన్ల ఆయన పేటెంట్‌కి దరఖాస్తు పెట్టింది కూడా ఆ 1914 చివర్లోనే. అందుకని ప్రతి కాగితం మీదా డైనోసార్‌తో పాటు ఆ కొండా ఆ రాయీ ఆ చెరువూ అన్నీ మళ్ళీ గీయాలి, జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్రాడు కూర్చుని ఆ వెనక గీతలన్నీ మళ్ళీ మళ్ళీ దిద్దాడు. మనిషి చెయ్యి కదా, వెంట్రుకవాసి అటూ ఇటూ అవుతుంది. తెర మీద వణికేది అదే. వీలైతే పిల్లల చేత ఒక రాయి బొమ్మ గీయించి, దాని మీద పల్చటి కాగితం పెట్టి పదిసార్లు దిద్దించి, ఆ కాగితాలు గబగబా తిప్పి చూపించండి, ఆ వణుకు వాళ్ళ చేతుల్లోనే కనపడుతుంది.

ఇక ఆ ఇంగ్లీషు అక్షరాల సంగతి. మెకే దీన్ని మొదట సినిమాలాగ వదిలేసి ఊరుకోలేదు, వాడెవిల్ అని పాటలూ గారడీలూ హాస్యాలూ కలిపి ఆడే అప్పటి అమెరికా స్టేజీ మీద తెర పక్కన కొరడా పట్టుకుని నిలబడి గెర్టీకి ఆర్డర్లు వేసేవాడు, కాలెత్తు అంటే ఎత్తేది, తిడితే ఏడ్చేది, యాపిల్ విసిరినట్టు చేస్తే తెర మీద నోటితో అందుకునేది, చివర్లో ఆయన తెర వెనక్కి వెళ్ళగానే బొమ్మగా మారి గెర్టీ మీద ఎక్కి కూర్చునేవాడు. ఆ కోట్ల మనుషుల గొడవా, ఆ అక్షరాలూ తర్వాత థియేటర్ల కోసం కలిపారు, మెకే నోటితో అనే మాటల చోట అక్షరాలు వచ్చాయి. మీరేం చెయ్యాలంటే, మొదట్లో ఆ మనుషుల భాగం దాటించేసి నేరుగా గెర్టీ గుహలోంచి తొంగిచూసే చోటునుంచి మొదలుపెట్టండి, మీరు తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడండి. "గెర్టీ, అందరికీ దండం పెట్టు. గెర్టీ, కుడి కాలెత్తు." ఒకసారి తెలుగులో అనండి, ఒకసారి ఒడియాలో, ఇంకోసారి సవర పిల్లనే పిలిచి దాని భాషలో అనమనండి. ముందే ఒకటి రెండుసార్లు చూసి ఎక్కడ ఏం చేస్తుందో రాసి పెట్టుకోండి చాలు. గెర్టీ ఆ మముత్ ఏనుగుని తోక పట్టుకుని చెరువులోకి విసిరేసే చోటుకొచ్చేసరికి ఇక మీ గొంతు వినపడదు, పిల్లలే ఆర్డర్లు వేస్తుంటారు. వందేళ్ళు దాటిన సినిమా మాస్టారూ, పిల్లలు చూస్తారా అని ఎవరైనా అంటే నాకు చాలా బాధగా ఉంటుంది, చూసే పద్ధతిలో చూపించి అప్పుడు అనండి ఆ మాట.

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి: అన్నగారూ, పాత టామ్ అండ్ జెర్రీ చూస్తున్నాం. బాంబు పేలి టామ్ మొహం నల్లగా అయిపోయి పెదాలు లావుగా వస్తే మా చిన్నవాడు నవ్వాడు, కాలేజీ చదివే మా పెద్దమ్మాయి టీవీ కట్టేసింది. ఇంట్లో గొడవ. చిన్నప్పట్నుంచీ చూస్తున్నవే కదా, ఇందులో తప్పేముంది?

తల్లీ, మీ పెద్దమ్మాయి చెప్పిందే న్యాయం. అమెరికాలో తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరిస్తూ స్టేజీ ఆటలు ఆడేవారు, ఆ వెక్కిరింతే ఈ కార్టూన్లలోకి దిగింది. టామ్ ఉండే ఇంట్లో పనిచేసే నల్లజాతి ఆవిడ మొహం సరిగ్గా చూపించకుండా కాళ్ళూ చెప్పులే చూపిస్తారు, గమనించే ఉంటారు. 1968లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ కంపెనీ వార్నర్ అనే ఇంకో కంపెనీ తీసిన పాత కార్టూన్లు పదకొండింటిని ఇందుకే టీవీల్లో వెయ్యకుండా పక్కనపెట్టేసింది. తర్వాత టామ్ అండ్ జెర్రీ డీవీడీల ముందు, ఈ చిత్రణలు అప్పుడూ తప్పే ఇప్పుడూ తప్పే అని కంపెనీవాళ్ళే అచ్చువేశారు.

మన జిల్లాల్లో ఉండేవాళ్ళం ఇది మరీ బాగా ఆలోచించాలి. కొమ్మలు కట్టుకుని ఈటెలు పట్టుకుని గెంతే అడవి మనుషుల్ని పెట్టి కామెడీ చెయ్యడం ఆ కార్టూన్లలో ఉంది, మన సినిమాల్లోనూ బోలెడు ఉంది, అది చూసి హాల్లో అందరూ నవ్వుతుంటే పక్క సీట్లో మన గిరిజనుల్లోంచి ఒక కొంధు కుర్రాడో సవర పిల్లో కూర్చుని ఉంటారు, వాళ్ళెటు చూడాలి? అందుకని టీవీ కట్టేసి ఊరుకోకండి, చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని "ఇక్కడ వెక్కిరిస్తున్నది పిల్లిని కాదురా, మనుషుల్ని" అని చెప్పండి. తర్వాత మిగతాది చూడనివ్వండి. వాడి నవ్వు కూడా వాడి తప్పేం కాదు, తెలీక నవ్వాడు.

జయపురం నుంచి ఒక తాతగారు: 1929 నాటి స్కెలిటన్ డాన్స్ వేస్తే నాలుగేళ్ళ మనవరాలు జడుసుకుంది.

తాతగారూ, నాలుగేళ్ళకి వద్దండి, గుడ్లగూబ కళ్ళతో, స్మశానంతో మొదలవుతుంది. ఇంకొన్నేళ్ళు పోనిచ్చి వెయ్యండి, ఒక అస్థిపంజరం ఇంకోదాని వెన్నెముకని వాయించేచోట తప్పకుండా నవ్వుతుంది.

బరంపురం నుంచి ఒక కుర్రాడు: సార్, ఈ పాత కార్టూన్లకి ఏఐతో రంగులేసి, స్మూత్‌గా చేసినవి వస్తున్నాయి. మా కాలనీలో వేద్దామనుకుంటున్నాం. అవి వెయ్యాలా పాతవా? కాపీరైట్ గొడవ ఉంటుందా?

పాతవే వెయ్యి నాయనా. ఆ స్మూత్ చెయ్యడంలో మెషిన్ రెండు బొమ్మల మధ్య లేని బొమ్మల్ని ఇరికిస్తుంది, ఆర్టిస్టు కావాలని ఒక క్షణం ఆపి టక్కుమని కదిపిన చోటు జావగారిపోతుంది, నవ్వు పుట్టేదే ఆ చోట కదా. రంగు కావాలంటే రంగులోనే పుట్టినవి ఉన్నాయి, 1932లో వచ్చిన ఫ్లవర్స్ అండ్ ట్రీస్ వెయ్యి, బ్లాక్ అండ్ వైట్‌లో మొదలుపెట్టినదాన్ని పక్కన పడేసి టెక్నికలర్ అనే రంగుల పద్ధతిలో మళ్ళీ తీశారు దాన్ని, కార్టూన్లకిచ్చిన మొదటి ఆస్కార్ దానికే. మూకీ కార్టూన్లు వేసేటప్పుడు స్పీడ్ చూసుకో, కొన్ని కాపీలు మరీ పరిగెడుతుంటాయి, ఎవరో తగిలించిన మ్యూజిక్ ఉంటుంది. అలాంటివాటికి సౌండ్ తీసేసి మీ కాలనీలో డప్పో హార్మోనియమో వచ్చినవాణ్ణి కూర్చోబెట్టు. కాపీరైట్ అంటావా, స్టీమ్‌బోట్ విల్లీకి అమెరికాలోనే 2024 జనవరి 1తో అది తీరిపోయింది, మన చట్టంలో సినిమాకి 60 ఏళ్ళే. మిక్కీ బొమ్మ వేసి టీషర్టులు అమ్మడం మాత్రం పెట్టుకోకు, ట్రేడ్‌మార్క్ ఇంకా వాళ్ళదే.