అమ్మకానికి ముందు ఇంటిని సిద్ధం చేసుకోవడం: విశాఖ పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇల్లు అమ్మకానికి పెట్టిన, పెట్టబోతున్న పాఠకులు గదుల అమరిక, అలంకరణల గురించి రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో మా గృహాలంకరణ నిపుణురాలు సమాధానాలిస్తున్నారు.

ప్రశ్న: మాది సీతమ్మధారలో మూడు పడక గదుల పాత ఫ్లాట్. పదవీ విరమణ చేశాక పిల్లల దగ్గరికి వెళ్లిపోదామని అమ్మకానికి పెట్టాము. వచ్చినవారందరూ హాలు చిన్నదిగా ఉందని పెదవి విరుస్తున్నారు. మా పై అంతస్తులో అచ్చంగా ఇదే కొలతలతో ఉన్న ఫ్లాట్ మాత్రం ఈ మధ్యే మంచి ధరకు అమ్ముడుపోయింది. మా హాలు ఫోటో జతపరుస్తున్నాను. లోపం ఎక్కడ ఉందంటారు? (ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: కొలతలు సమానమైనప్పుడు తేడా సామానులోనే ఉంటుంది. ఇల్లు చూడవచ్చినవారు టేపు పట్టి కొలవరు. గుమ్మంలో నిలబడినప్పుడు నేల ఎంత మేర కనిపిస్తోంది, ఎదుటి గోడ మూలలు కంటికి ఆనుతున్నాయా, కిటికీ దాకా దేన్నీ తప్పుకోకుండా నడిచి వెళ్లగలమా అన్నదాన్ని బట్టి తమకు తెలియకుండానే ఒక అంచనాకు వచ్చేస్తారు. మీరు పంపిన ఫోటోలో సోఫా సెట్టు, దివాను, గాజు తలుపుల షోకేసు, ఆరు కుర్చీల భోజనాల బల్ల, దాన్ని ఆనుకుని ఫ్రిజ్ ఉన్నాయి. ఇంటినిండా మనుషులున్న రోజుల్లో ఇవన్నీ అవసరపడినవే కానీ, ఇప్పుడవి గది నాలుగు మూలల్నీ మూసేస్తున్నాయి. దివానును, షోకేసును తీసేయండి. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలే ఉంచండి. వంటగదిలో చోటుంటే ఫ్రిజ్‌ను అక్కడికి మార్చండి. తీసిన సామానంతా వెనక పడక గదిలో కుక్కితే మాత్రం ఆ గది కొనేవారి దృష్టిలో స్టోరు రూము అయిపోతుంది కనుక, ఊరు మారేటప్పుడు ఎలాగూ తీసుకువెళ్లనివాటిని ఇప్పుడే ఇచ్చేయడం మేలు.

షోకేసులో కనిపిస్తున్న ఏటికొప్పాక లక్కబొమ్మలు మాత్రం అటకెక్కించవద్దు. వాటిలో రెండు మూడింటిని టీవీ పక్కన ఖాళీ బల్ల మీద పెడితే చాలు, విడిగా ఏ అలంకరణ వస్తువూ కొనవలసిన పని లేదు. ఇల్లు అమ్మడానికని ప్లాస్టిక్ పూలతీగలూ, బంగారు రంగు ఫ్రేముల అద్దాలూ కొనుక్కొచ్చేవారిని తరచూ చూస్తుంటాను. ఆ ఖర్చు ఎవరికీ ఉపయోగపడదు.

పడక గదుల విషయంలో లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. 10 అడుగుల వెడల్పున్న గదిలో 6 అడుగుల మంచం మధ్యగా వేస్తే రెండు వైపులా రెండేసి అడుగులే మిగులుతాయి. 5 అడుగుల మంచమైతే రెండున్నర అడుగుల చొప్పున మిగిలి, ఇద్దరు మనుషులు చెరో వైపు నుంచి సులువుగా దిగే వీలుంటుంది. ఆ అర అడుగు కాగితం మీద చిన్నదే కానీ, గదిలో నడిచేవారికి బాగా తెలుస్తుంది.

ఇక వెలుతురు. మీ హాల్లో ఒక గోడకు తెల్లటి ట్యూబులైటు, మరో గోడకు పసుపు బల్బు కనిపిస్తున్నాయి. ఇలా రెండు రకాల కాంతి కలిసినప్పుడు గోడ రంగు ఒకచోట నీలంగానూ ఒకచోట మాసినట్టుగానూ కనిపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బుల డబ్బా మీద కాంతి రంగును కెల్విన్లలో ముద్రిస్తారు. హాలుకూ పడక గదులకూ 3000 కెల్విన్లు, వంటగదికి 4000 కెల్విన్లు బాగుంటాయి. 6500 కెల్విన్ల నీలితెలుపు కాంతిలో పాత గోడల మీది ప్రతి గీతా బయటపడుతుంది. పగటి వెలుగుకు మాత్రం ఏ బల్బూ సాటి రాదు కాబట్టి, తూర్పు కిటికీలున్న హాలును చూపడానికి ఉదయం 10 గంటలలోపే రమ్మనండి. ఆఫీసులు అయ్యాక రాత్రి 8 గంటలకు వస్తామనేవారిని ఆదివారం పొద్దున రమ్మని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు. బాల్కనీలో పాత కూలరు, ఖాళీ రంగు డబ్బాలు, అట్టపెట్టెలు ఉంటే వాటిని తీయించి, తులసి కోట ఒక్కటీ ఉంచి, రెండు కుర్చీలు వేయండి. ఈ ఊళ్లో ఫ్లాట్ కొనేవారు బాల్కనీలోకి వెళ్లి గాలి ఎలా వస్తోందో చూడకుండా వెనుదిరగరు.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో మాకు ఒక పాత ఇల్లు ఉంది. హాలు గోడ అడుగున రెండడుగుల ఎత్తు వరకు రంగు పొంగి, తెల్లటి పొడి రాలుతోంది. బాల్కనీ కింది భాగంలో పెచ్చులూడి ఒకచోట ఇనుము బయటపడింది. గోడకు వాల్‌పేపరు అంటించి, దాని ముందు పెద్ద బీరువా పెడితే సరిపోతుందని బ్రోకరు అంటున్నారు. అలా చేయవచ్చా? (ఒక గృహిణి)

జవాబు: చేయకూడదమ్మా. ముందు అది ఎందుకు నిలవదో చెప్పి, తరువాత చట్టం సంగతి చెబుతాను.

మీరు చెప్పిన తెల్లటి పొడి గోడలోని లవణం. నేలలో నుంచో, పక్కనున్న స్నానాల గది పైపు నుంచో తేమ గోడలోకి ఎక్కి, పైకి వచ్చి ఆరిపోయేటప్పుడు తనతో తెచ్చిన ఉప్పును అక్కడ వదిలి వెళుతుంది. ఆ ఉప్పు గట్టిపడుతూ రంగునూ, పుట్టీనీ, చివరికి ప్లాస్టరింగునూ బయటికి నెడుతుంది. వాల్‌పేపరు అంటిస్తే తేమ ఆరే దారి మూసుకుపోయి, దాని వెనక బూజు పడుతుంది, నాలుగు వానలకు అంచులు లేచిపోతాయి, ముక్క వాసన మాత్రం మొదటి రోజు నుంచే ఉంటుంది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవారికి ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఖాళీ గోడలు చాలా ఉండగా ఒకే గోడకు బీరువా ఆనించి ఉంటే, విశాఖలో ఇల్లు కొనేవాడు మొదట దాని వెనకే చెయ్యి పెట్టి చూస్తాడు.

తేమ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. అడుగు వెడల్పు, అడుగు పొడవున్న పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు గాలి చొరబడకుండా అంటించి, రెండు రోజులు అలాగే వదిలేయండి. నీటి బిందువులు షీటుకు లోపలి వైపు, అంటే గోడ వైపు పడితే తేమ గోడలోనే ఉన్నట్టు. బయటి వైపు పడితే గదిలోని గాలిలో తేమ ఎక్కువగా ఉన్నట్టు. మొదటిదైతే ప్లంబరును పిలిచి స్నానాల గది పైపులు, నేల వాలు, బయటి గోడ బీటలు చూపించండి. కారణం దొరికి, దాన్ని సరిచేసిన తరువాతే పాడైన ప్లాస్టరింగు చెక్కించి, కొత్తది వేయించి, గోడ పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు ప్రైమరు, పుట్టీ, రంగు వేయించాలి. రెండు రోజుల్లో ముగించి ఇస్తానన్న పెయింటరును నమ్మకండి. కొత్త ప్లాస్టరింగుకు నీళ్లు కట్టడం, ఆరడం కలిపి కొన్ని వారాలు పడుతుంది.

బాల్కనీ విషయం ఇంకా ముఖ్యమైనది. ఉప్పుగాలిలోని క్లోరైడులు కాంక్రీటులోకి చేరి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న కాంక్రీటును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. దాని మీద సిమెంటు పూసి రంగు వేస్తే కొద్దికాలానికే మళ్లీ ఊడుతుంది. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, చువ్వలను తీగ బ్రష్షుతో శుభ్రంచేసి, తుప్పు నివారణ పూత పూసి, పాలిమరు కలిపిన మోర్టారుతో నింపాలి. చువ్వలు బాగా సన్నబడి ఉంటే మేస్త్రీతో సరిపెట్టక, ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

ఇప్పుడు చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, ఆస్తిలో తమకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని, కొనేవారు మామూలు జాగ్రత్తతో చూసి కనిపెట్టలేనిదైతే, అమ్మేవారు తప్పక చెప్పాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షనే మోసంగా పేర్కొంటోంది. బీరువా వెనక దాచిన చెమ్మ అటువంటి వివాదానికి దారి తీయవచ్చు. మరమ్మతు చేయించి, మేస్త్రీ బిల్లులూ, పని జరుగుతున్నప్పటి ఫోటోలూ ఒక ఫైలులో పెట్టి చూపించండి. కొనేవారితో బేరం చేసేటప్పుడు ఆ ఫైలు మీకు ఏ కొత్త కర్టెన్లకంటే ఎక్కువగా పనికొస్తుంది.

సమయం గురించి ఒక మాట. మనవాళ్లు ఆషాఢంలో అడ్వాన్సు ఇవ్వడానికి వెనకాడతారు కనుక ఆ నెలలో ఇంటి పనులు పెట్టుకుందామనుకుంటారు కానీ, విశాఖలో వానలు జూన్‌లో మొదలై అక్టోబరు దాటేదాకా సాగుతాయి. ఆ తుఫానుల రోజుల్లో గోడలు ఆరవు. ఆషాఢంలో చెమ్మ ఎక్కడెక్కడ తేలుతోందో గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, డిసెంబరులో పని చేయించి, మాఘమాసానికి ఇంటిని చూపడం మొదలుపెడితే, జూన్‌లో బడులు తెరిచేలోగా ఇల్లు మారాలనుకునే కుటుంబాలు మీకు దొరుకుతాయి.

ప్రశ్న: మధురవాడలో మా అబ్బాయి కొన్న ఫ్లాట్ మూడేళ్లుగా తాళం వేసి ఉంది. అబ్బాయి విదేశంలో ఉన్నాడు. ఫర్నిచరు అద్దెకు తెచ్చి గదులన్నీ నింపాలా? తలుపు తీయగానే దుర్వాసన కూడా వస్తోంది.

జవాబు: ముందు దుర్వాసన సంగతి. వాడని స్నానాల గదుల్లో నేల జాలీ కింద ఉండే వంపులోని నీరు ఆవిరైపోయి, డ్రైనేజి వాయువు నేరుగా ఇంట్లోకి వస్తుంది. ప్రతి జాలీలోనూ, సింకుల్లోనూ ఒక్కో చెంబు నీళ్లు పోసి, ఫ్లష్ నొక్కి, కిటికీలు తెరిచి ఉంచండి; వారానికొకసారి ఎవరితోనైనా ఈ పని చేయించండి. నాఫ్తలీన్ గోళీలు, ఘాటైన స్ప్రేలు వద్దు, అవి ఏదో కప్పిపుచ్చుతున్నారన్న అనుమానాన్నే పెంచుతాయి. బోరు నీళ్ల వల్ల కుళాయిల మీద పేరుకున్న తెల్లటి పొరను నీళ్లు కలిపిన వెనిగరుతో తుడిపించవచ్చు. మార్బుల్ మీద మాత్రం వెనిగరు గానీ నిమ్మరసం గానీ పడనివ్వకండి, మెరుపు పోయి మచ్చ పడుతుంది.

ఫర్నిచరుతో గదులన్నీ నింపవలసిన అవసరం లేదు. పూర్తిగా ఖాళీగా ఉన్న గదిలో మంచం పడుతుందో లేదో చూసేవారికి అంతుపట్టదు కాబట్టి, ఒక పడక గదిలో మంచం, హాల్లో ఒక సోఫా, చిన్న బల్ల ఉంటే చాలు. బంధువుల ఇంటి నుంచి తెచ్చినా ఫరవాలేదు.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలోని మా ఇంటిని అమ్ముతున్నాము. హాల్లో మా మామగారి దండ వేసిన ఫోటో ఉంది. దాన్ని తీయమంటే అత్తయ్యగారు బాధపడుతున్నారు. వాస్తు కోసం వంటగది గుమ్మం మార్పించమని కూడా కొందరు సలహా ఇస్తున్నారు.

జవాబు: ఫోటోను తీయమనకండి, అత్తయ్యగారి గదిలోకి మార్చుకుందామని అడగండి. ఆవిడ రోజూ చూసుకునేచోట, ఆవిడ చేతికందేలా ఉంటుందంటే బహుశా ఒప్పుకుంటారు. కొత్తగా ఇల్లు కొనేవారు తమ గృహప్రవేశాన్ని ఊహించుకుంటూ వస్తారు; హాల్లో గతించినవారి చిత్రపటం వారిని కాస్త తడబరుస్తుంది. ఆవిడ ససేమిరా అంటే మాత్రం అలాగే ఉండనివ్వండి. ఒక పెద్దావిడ మనసు కష్టపెట్టి సాధించేంత లాభం అందులో లేదు. పూజ గదిలో నూనె మరకలు, మసి తుడిపించి, పాత క్యాలెండర్లు తీస్తే చాలు.

వాస్తు మార్పు చేయించకండి. కొనేవారు తమ సిద్ధాంతిని వెంటబెట్టుకుని వస్తారు. మీరు ఖర్చు పెట్టి మార్చిన గుమ్మాన్ని ఆయన తప్పుపడితే రెండు విధాలా నష్టపోతారు. ఇంటి ముఖం ఏ దిక్కుకో ప్రకటనలో స్పష్టంగా రాయండి, అంతే.

ప్రశ్న: ఫోన్‌తో ఫోటోలు తీసి పెడితే సరిపోతుందా? (అక్కయ్యపాలెం పాఠకుడు)

జవాబు: సరిపోతుంది. లెన్సు తుడిచి, ఫోన్‌ను అడ్డంగా ఛాతీ ఎత్తులో పట్టుకుని, గది మూల నుంచి తీయండి. గదిని సాగదీసి చూపే వైడ్ మోడ్ వాడకండి. ఫోటోలో పెద్దగా కనిపించిన గది నేరుగా చూసేసరికి చిన్నదై, వచ్చినవారు నిరుత్సాహంతో తిరిగి వెళతారు.

ప్రశ్న: గాజువాకలో మా ఇల్లు కొంటామన్నవారు హాల్లోని వేలాడే దీపాల గుత్తి, ఏసీలు, వంటగది చిమ్నీ కూడా ధరలో భాగమే అంటున్నారు. మేము వాటిని తీసుకువెళదామనుకున్నాము.

జవాబు: ఇల్లు అమ్మినప్పుడు దానితోపాటు తాళాలు, తలుపులు, కిటికీల వంటివీ, ఇంటిలో శాశ్వత ఉపయోగం కోసం అమర్చిన ఇతర వస్తువులూ కొనేవారికే చెందుతాయని, వేరే ఉద్దేశం తెలిపి ఉంటే తప్ప, పైన చెప్పిన చట్టంలోనే 8వ సెక్షన్ అంటోంది. దీపాల గుత్తి, ఏసీ, చిమ్నీ దాని కిందికి వస్తాయా రావా అన్నదానిపై వాదనకు చోటుంది కాబట్టి, అగ్రిమెంటు రాసుకునే ముందే ఏవి ఉంచుతారో ఏవి తీసుకువెళతారో వస్తువుల వారీగా జాబితా రాసి ఇరువురూ సంతకాలు చేయండి. మీ విషయంలో బేరం ఇంకా తెగలేదు కనుక, చిమ్నీ వదిలేసి దీపాల గుత్తి, ఏసీలు ఉంచుకుంటామని చెప్పి చూడండి. వాడిన చిమ్నీ కొత్త ఇంటి వంటగది కొలతలకు సరిపడటం అరుదు, విప్పించి బిగించే ఖర్చు అదనం. ఇకపై ఇల్లు చూపించబోయే పాఠకులు మాత్రం, తమతో తీసుకుపోదలచిన దీపాన్ని మొదటి కొనుగోలుదారు గడప తొక్కక ముందే విప్పించి, ఆ చోట మామూలు బల్బు హోల్డరు బిగించి, పైకప్పు మీది రంధ్రాలు పుట్టీతో పూడ్పించుకోవాలి.