స్పైరియా బోన్సాయ్ ఈసారి ఎందుకు పూయలేదు?

ప్రశ్న: బెంగళూరు నర్సరీలో కొన్న స్పైరియా (ఒక పూల పొద) బోన్సాయ్ నిరుడు మార్చిలో కొమ్మల నిండా తెల్లగా పూసింది. ఈ ఏడాది ఒక్క పువ్వూ లేదు, పైగా ఆకుల అంచులు మాడిపోతున్నాయి. జనవరిలో షేప్ కోసం కత్తిరించాను. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: టెన్షన్ వద్దమ్మా, చెట్టుకేం కాలేదు. జనవరిలో మీరు కత్తిరించిన కొమ్మలతో పాటే మొగ్గలూ పోయాయి. వసంతంలో తెల్లగా పూసే స్పైరియాలు ముందు ఏడాది పెరిగిన కొమ్మల మీదే మొగ్గ తొడుగుతాయి కాబట్టి వాటికి కత్తెర పెట్టాల్సింది పూలు రాలిన వెంటనే. గులాబీ రంగు పూల జపనీస్ స్పైరియా అయితే లెక్క వేరు, అది కొత్త చిగురు మీద పూస్తుంది, చలికాలం చివర్లో కత్తిరించినా ఫర్వాలేదు.

ఇక ఆకుల సంగతి. స్పైరియా జపాన్, చైనాల్లో చలి బాగా పడే చోట్ల పెరిగే మొక్క, మన దగ్గరేమో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి వడగాలి తోడు, లోతులేని ట్రేలో మట్టి మధ్యాహ్నానికే ఎండిపోతుంది. పొద్దుటి ఎండ చాలు, తర్వాత నీడలోకి మార్చండి. పైపైన నీళ్లు చల్లితే కుదరదు, ట్రేని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి, అప్పుడే వేళ్ల మధ్య దాకా తడి చేరుతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైనా అంచులు మాడతాయి, వాననీళ్లు పట్టుకుంటే మేలు. నల్లరేగడి మాత్రం వేయకండి, నీరు నిలిచి వేరు కుళ్లుతుంది.

నిజం చెప్పాలంటే, చలి తగలనిదే ఇది బాగా పూయదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆరుబయటే ఉంచండి.