సీసా మూతకూ, ఫ్లెక్సీకీ ఒకే లోగో ఎలా?

ప్రశ్న: చిత్తూరు దగ్గర పల్లెలో మేము నలుగురు ఆడవాళ్లం కలిసి మామిడికాయ పచ్చళ్లు పెట్టి, సీసాల్లో నింపి తిరుపతి దుకాణాలకు ఇస్తున్నాము. మా అక్క కొడుకు ఫొటోషాప్‌లో లోగో చేసి ఇచ్చాడు. 500 పిక్సెళ్ల చదరం, జేపీజీ ఫైలు. ఫోన్‌లో చక్కగా ఉంది కానీ, 10 అడుగుల ఫ్లెక్సీ వేయిస్తే అంచులు మెట్లుమెట్లుగా వచ్చాయి. మూత మీది స్టిక్కరులో వత్తులు మూసుకుపోయాయి. మొత్తం మళ్లీ చేయించాలా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: బొమ్మను మార్చుకోనక్కరలేదమ్మా, ఫైలును మాత్రం మళ్లీ తయారు చేయించుకోవాలి. ఫొటోషాప్, గింప్ ప్రధానంగా ఫొటోలను సరిదిద్దడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్లు. వాటిలో బొమ్మ అంటే రంగు గళ్ల (పిక్సెళ్ల) వరుసలే. మంచి ముద్రణకు అంగుళానికి 300 గళ్లు కావాలి కనుక మీ 500 గళ్లు సుమారు 4 సెంటీమీటర్ల స్టిక్కరుకు సరిపోతాయి. వాటినే 10 అడుగులకు సాగదీస్తే అంగుళానికి నాలుగే మిగులుతాయి. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి దానికి 300 అవసరం లేకపోయినా, నాలుగుతో ఏ యంత్రమూ నున్నని అంచు ఇవ్వలేదు. ఇందులో ఫ్లెక్సీ షాపు వారి తప్పేమీ లేదు.

ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా వంటివి గీతను గీతగానే దాచుకుంటాయి కనుక అదే ఫైలు మూతకూ, ఫ్లెక్సీకీ పనికొస్తుంది. వీటిలో ఇంక్‌స్కేప్ ఉచితం. అయితే పాత జేపీజీని అందులో తెరిచి ఎస్‌వీజీగా (గీతలను దాచే ఫైలుగా) సేవ్ చేసినంత మాత్రాన సరిపోదు, లోపల ఆ గళ్ల బొమ్మే ఉండిపోతుంది. పాత బొమ్మను అడుగున పెట్టుకుని, దాని మీద పెన్ టూల్‌తో (బిందువులు పెట్టి వాటిని కలుపుతూ గీత గీసే పనిముట్టుతో) తాజాగా గీయమని మీ అబ్బాయికి చెప్పండి. మామిడికాయ అంచుకు ఆరేడు బిందువులు చాలు. బిందువులు ఎక్కువైన కొద్దీ వంపు గతుకులు పడుతుంది.

వత్తుల సంగతి వేరు, అసలు శ్రద్ధ పెట్టవలసింది అక్కడే. ‘పచ్చళ్లు’ అన్న మాటనే చూడండి: చకారం కింద చవత్తు, ళకారం కింద లవత్తు. ఇంగ్లీషు అక్షరాల కోసం కొలిచిన పట్టీలో ఈ మాటను ఇరికిస్తే, వత్తులకు చోటివ్వడానికి పై అక్షరాలు చిన్నవైపోతాయి. ఆపైన రామభద్ర వంటి లావుపాటి ఫాంటు వాడితే, సెంటీమీటరు ఎత్తు కూడా లేని అచ్చులో లోపలి ఖాళీలను సిరా నింపేస్తుంది. ఆ ఫాంటు ఫ్లెక్సీకి అందమే కానీ, మూతకు మండలి వంటి సన్నని ఫాంటు మేలని నా అభిప్రాయం. ఈ రెండూ సిలికానాంధ్ర ఉచితంగా అందించిన యూనికోడ్ ఫాంట్లే. పాత ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషల సెట్టింగు మార్చకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు. ఫైలు ప్రెస్సుకు ఇచ్చేముందు ‘ఆబ్జెక్ట్ టు పాత్’ ఆదేశంతో అక్షరాలను గీతలుగా మార్చండి, లేకపోతే వారి కంప్యూటర్లో ఆ ఫాంటు లేనప్పుడు పేరు రూపమే మారిపోతుంది. అలా మార్చని ఫైలు కాపీ ఒకటి మీ దగ్గర తప్పక ఉంచుకోండి.

మరో మాట. రంగులు వేయకముందే లోగోను ఒక్క నలుపులో, అసలు మూత కొలతలో కాగితం మీద తీసి, చేయి చాచినంత దూరం నుంచి చదవండి. చదవగలిగితేనే రంగుల జోలికి వెళ్లండి. తెర కాంతితో రంగును చూపిస్తుంది, అచ్చు నాలుగు సిరాలతో చూపిస్తుంది; అందుకే తెర మీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీద వాడిపోతుంది. పసుపు ఆ నాలుగు సిరాల్లో ఒకటి కనుక మామిడి పండు రంగుకు అంత భయం లేదు.

ప్రశ్న: తిరుపతిలో చిన్న ఆహార సంస్థ పెట్టాను. లోగోలో దేవుడి పేరు పెట్టి, పక్కన వలయంలో ఆర్ గుర్తు వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆర్ గుర్తు నమోదైన ట్రేడ్‌మార్కుకే, నమోదు కాకుండా వేయడం చట్టరీత్యా తప్పు. అంతవరకు టీఎం అని వేసుకోవచ్చు. దేవుడి పేరు విషయంలో మాత్రం ఆలోచించండి. తిరుపతిలో ఎన్నో దుకాణాలకు ఆ పేరే ఉంటుంది కనుక కొనేవారికి మీ సరుకు విడిగా గుర్తుండదు. రామాయణం పేరును అగరుబత్తులకు ఒకరే సొంతం చేసుకోజాలరని 2015లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మత విశ్వాసాలను నొప్పించే గుర్తులను 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం అనుమతించదు. మీ సొంత పేరో, మీ ఊరి ప్రత్యేకతో ఉన్న లోగోను తయారు చేయించుకుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో సరుకుల తరగతికి రుసుము 4,500 రూపాయలు, నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది. పచ్చళ్లు 29వ తరగతి కిందికి వస్తాయి. లోగో గీసినవారు మీ జీతగాళ్లు కాకపోతే, దాని హక్కులు మీకే ఇస్తున్నట్లు దరఖాస్తుకు ముందే వారితో రాయించి సంతకం తీసుకోండి.