మట్టిలో విషం తీసే మొక్కల చదువు: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. మొక్కల జన్యువులతో విషపు నేలను బాగుచేసే పరిశోధన చేస్తానంటోంది. బీటెక్ బయోటెక్నాలజీ మంచిదా, బీఎస్సీ అగ్రికల్చర్ మంచిదా? మళ్లీ నీట్ రాసేందుకు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పిద్దామని వాళ్ల నాన్న అంటున్నారు.
– ఒక తల్లి, సంగారెడ్డి

అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే గానీ, డాక్టర్ సీటు రాని పిల్ల గతేమిటన్నదే మీ అసలు టెన్షన్. ఆ పిల్లకు ఏమీ కాదు. ఇంటర్ అయ్యేసరికి ఫలానా పని చేస్తానని ఇంత స్పష్టంగా చెప్పే పిల్లలు నా దగ్గరికి తక్కువగానే వస్తారు. తను నోరు తెరిచి చెప్పాక కూడా లాంగ్‌టర్మ్ మాటెందుకు? ఇష్టం లేని పిల్లను ఏడాది పాటు హాస్టల్‌లో కూర్చోబెట్టడం తప్పు. ఈ మాట ఆయనకూ చెప్పండి.

అయితే ఈ రంగం మీద నాకున్న అనుమానాలూ దాచను. సైనిక ఫైరింగ్ రేంజ్‌లలో ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థపు అవశేషాలు నేలలోంచి భూగర్భజలాల్లోకి దిగుతాయి. మామూలు మొక్క ఆర్‌డీఎక్స్‌ను పీల్చుకుంటుంది గానీ హానిలేకుండా చేయలేదు. అందుకని ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీలో నీల్ బ్రూస్ బృందం, దాన్ని తిని బతికే మట్టి బ్యాక్టీరియా జన్యువును మొక్కలో పెట్టింది. ల్యాబ్ మొక్కలో ఫలించిందని 2006లో ప్రకటించారు. అమెరికాలోని ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరంలో స్విచ్‌గ్రాస్ అనే గడ్డి వేసి, బయటి నేలలోనూ పనిచేస్తుందని చూపించేసరికి 2021 వచ్చింది. మన దగ్గర జన్యుమార్పిడి మొక్కను బయట నాటాలంటే కేంద్ర పర్యావరణ శాఖ కింది జీఈఏసీ అనే కమిటీ అనుమతి కావాలి. ఇప్పటిదాకా రైతు పొలంలోకి అలా వచ్చింది 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. కాబట్టి కాలేజీ బ్రోచర్‌లో ‘జీన్ ఎడిటింగ్’ అని చూసి లక్షలు పోయకండి. బీటెక్ పట్టాతోనే ఈ పని చేతికి రాదు, పీహెచ్‌డీ దాకా చదవాలి.

జన్యువు మార్చకుండానే పనిచేసే మొక్కలూ ఉన్నాయి. పాత ఇటుక గోడల పగుళ్లలో మొలిచే ఒక ఫెర్న్ ఉంది, ఆకు కింద అంచు వెంబడి గోధుమ రంగు గీతలా సిద్ధబీజాలు ఉంటాయి. పేరు టెరిస్ విట్టేటా. అది మట్టిలోని ఆర్సెనిక్ అనే విషాన్ని లాగి ఆకుల్లో దాచుకుంటుందని ఫ్లోరిడా శాస్త్రవేత్తలు 2001లో వెల్లడించారు. కానీ కోసిన ఆకు కూడా విషపు చెత్తే. దాన్ని ఏం చేయాలి, ఎన్ని కోతలకు నేల తేరుకుంటుంది అన్నది తేల్చాలంటే సాయిల్ కెమిస్ట్రీ రావాలి. పటాన్‌చెరు పక్కనున్న మీకు నక్కవాగు కాలుష్యం గురించి వేరే చెప్పాలా? అలాంటి చోట ముందు కావాల్సింది మట్టి తెలిసిన మనిషి.

అందుకే సీటొస్తే బీఎస్సీ అగ్రికల్చర్ అంటాను. సాయిల్ సైన్స్, జెనెటిక్స్ రెండూ చదువుతుంది. పరిశోధన కుదరకపోయినా వ్యవసాయాధికారి, బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు రాసుకోవచ్చు. సీటు రాకపోతే బోటనీ, కెమిస్ట్రీ ఉన్న డిగ్రీ చేసి, ఎమ్మెస్సీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్లాంట్ సైన్సెస్‌కు ప్రయత్నించమనండి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదట్లోనే నెలకు రూ.37,000 చేతికి వస్తుంది, మీ మీద భారం పడదు.

లాంగ్‌టర్మ్ ఫీజు ఇంకా కట్టకపోతే ఆగండి. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు అమ్మాయినే పెట్టుకోనివ్వండి.